జావాలో ఏసైన్‌హెచ్ లేకపోతే ఏం చేయాలి? ఆ 2147483647 ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: అక్షాంశం, రేఖాంశం ఇస్తే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ చోటు ఏ టైల్‌లో (మ్యాప్‌ని కోసిన చదరపు ముక్కల్లో ఒకటి) పడుతుందో చెప్పే చిన్న ప్రోగ్రాం రాస్తున్నారు. పైథాన్‌లో దొరికిన లెక్కను జావా 17లోకి మారుస్తుంటే మధ్యలో ఏసైన్‌హెచ్ అనే ఫంక్షన్ (సైన్‌హెచ్ అనే అతిపరావలయ ప్రమేయానికి విలోమం) తగిలింది, జావా మ్యాథ్ క్లాసులో అది లేదు. ముందు 1 బై సైన్‌హెచ్ అని పెడితే చార్మినార్ ఎక్కడికో ఎగిరిపోయింది. తర్వాత ఎవరో చెప్పిన లాగ్ ఫార్ములా పెడితే హైదరాబాద్ సరిగ్గా వచ్చింది గానీ, టెస్టుల్లో అక్షాంశం −90 ఇస్తే టైల్ నంబర్ 2147483647 అంటోంది, +90 ఇస్తే −22740 అంటోంది. జావాలో బగ్గా అని అడిగారు.

బగ్ కాదు. మూడు వేర్వేరు తప్పులు ఒకే చోట చేరాయి, అంతే. ఒక్కొక్కటీ చెప్తాను, కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదవండి. ఇంకో మాట: కోడ్‌ని కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, ఎడిటర్‌లో పేర్లు మీరే ఇంగ్లీషులో కొట్టుకోండి.

మొదటిది, 1 బై సైన్‌హెచ్. ఈ తప్పు చేయనివాళ్లు తక్కువ, నేనూ చేశాను. పుస్తకంలో సైన్‌హెచ్ మీద చిన్నగా −1 వేసి ఉంటుంది, ఘాతం కదా అని తిరగేసి భాగించేస్తాం. అది ఘాతం కాదు, విలోమ ప్రమేయం అనడానికి గుర్తు. "ఏ సంఖ్యకు సైన్‌హెచ్ కడితే ఇది వస్తుంది?" అన్న ప్రశ్న అది. మన ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ వన్-ఏలో అతిపరావలయ ప్రమేయాలు అని ఒక చిన్న పాఠం ఉండేది, గుర్తుందా? టాన్‌హెచ్ విలోమం 1/2 విలువ అరవంతు లాగ్ 3 అని చూపండి అనే లెక్క అందులోదే. పరీక్షకి బట్టీ కొట్టి, రాసిన మర్నాడే మర్చిపోయాం. ఆ అరవంతు లాగ్ 3 అంటే 0.5493. ఇప్పుడు పైథాన్‌లో ఏటాన్‌హెచ్(0.5) కొట్టి చూడండి, అదే వస్తుంది. 1 బై టాన్‌హెచ్(0.5) కొడితే 2.16 వస్తుంది. రెండిటికీ ఏ సంబంధమూ లేదు.

మీ చార్మినార్ ఎక్కడికి పోయిందో కూడా లెక్క కట్టాను. అక్షాంశం 17.3616, రేఖాంశం 78.4747, జూమ్ 12 అనుకుందాం. టాన్ విలువ 0.3126. దాని ఏసైన్‌హెచ్ 0.3078. దాన్ని పై (π)తో భాగించి, 1లోంచి తీసేసి, సగం చేసి, 4096తో (జూమ్ 12లో మ్యాప్‌కి ఒక్కో వైపు అన్ని టైళ్లు) గుణిస్తే 1847.37 వస్తుంది, అంటే వరుస 1847. నిలువు వరుస 2940. అది సరైన జవాబు. ఏసైన్‌హెచ్ బదులు 1 బై సైన్‌హెచ్ పెడితే మధ్యలో 3.147 వచ్చి, వరుస −3 అవుతుంది. వరుసలు ఉత్తరం అంచున సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి −3 అంటే మ్యాప్ పై అంచు కూడా దాటేసి, ఆర్కిటిక్ అవతల. చార్మినార్‌ని అక్కడ పెట్టారన్నమాట మీరు.

ఇక్కడ ఏసైన్‌హెచ్ ఎందుకొచ్చిందని కూడా అడిగారు. ఈ టైళ్లున్నది మెర్కేటర్ పద్ధతిలో గీసిన మ్యాప్. అందులో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అడ్డంగా ఎంత సాగదీస్తామో నిలువుగానూ అంతే సాగదీయాలి, లేకపోతే దిక్కులు తప్పుతాయి. ఆ సాగతీతను భూమధ్యరేఖ నుంచి మీ ఊరి దాకా కూడుకుంటూ వస్తే తేలేదే ఏసైన్‌హెచ్ ఆఫ్ టాన్ అక్షాంశం. మెర్కేటర్ 1569లో మ్యాప్ గీసినప్పుడు ఈ సూత్రం ఎవరి దగ్గరా లేదు. ఎడ్వర్డ్ రైట్ అనే ఆయన 1599లో చిన్న చిన్న ముక్కలు చేత్తో కూడి పట్టికలు వేశాడు. 1645 ప్రాంతంలో హెన్రీ బాండ్ ఆ పట్టికను లాగరిథమ్ పట్టిక పక్కన పెట్టి చూసి, ఇవి ఒకేలా ఉన్నాయే అని కనిపెట్టాడు. కాలిక్యులస్ ఇంకా రాకముందు ఒక ఇంటిగ్రల్‌ని కళ్లతో చూసి పట్టేశాడన్నమాట. నాకు చాలా ఇష్టమైన సంగతి, అందుకే సందర్భం దొరికితే చెప్పేస్తుంటాను.

సరే, రెండో తప్పు, అసలు కథ. లాగ్ ఫార్ములా.

ఏసైన్‌హెచ్(ఎక్స్) = లాగ్(ఎక్స్ + √(ఎక్స్² + 1))

కాగితం మీద ఇది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కంప్యూటర్‌లో డబుల్ అంటే దాదాపు పదహారు అంకెల డబ్బా, అందులో పట్టనిది కింద పడిపోతుంది. −90 డిగ్రీలకి టాన్ అనంతం కావాలి, కానీ పై బై 2 డబుల్‌లో కచ్చితంగా పట్టదు కాబట్టి జావా మీకు −1.633 ఇంటూ 10¹⁶ ఇస్తుంది. దాన్ని వర్గం చేస్తే 10³² దాటిన సంఖ్య, దానికి 1 కలిపితే సముద్రంలో ఉప్పు బస్తా గుమ్మరించినట్టే, ఏ అంకే మారదు. వర్గమూలం తీస్తే అదే 1.633 ఇంటూ 10¹⁶ వెనక్కి వస్తుంది. దానికి ఎక్స్ కలపాలి, ఎక్స్ ఏమో మైనస్. మొత్తం కచ్చితంగా సున్నా. లాగ్ ఆఫ్ సున్నా అంటే జావాలో ఎర్రర్ కాదు, మైనస్ ఇన్ఫినిటీ. 1లోంచి దాన్ని తీసేస్తే ప్లస్ ఇన్ఫినిటీ. దాన్ని ఇంట్‌గా, అంటే పూర్ణ సంఖ్యగా, క్యాస్ట్ చేశారు, ఇన్ఫినిటీని ఇంట్ చేస్తే జావా ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య ఇచ్చేస్తుంది, అదే 2147483647. ఎక్కడా ఎక్సెప్షన్ లేదు, హెచ్చరిక లేదు. అందుకే మీకు తల తిరిగింది. ఇదే ఫార్ములాని పైథాన్‌లో రాసి ఉంటే లాగ్ దగ్గరే వాల్యూ ఎర్రర్ అని అరిచేది, ఈ విషయంలో పైథాన్ పద్ధతే నాకు నచ్చుతుంది.

ఉత్తర ధ్రువం దగ్గర ఎక్స్ ప్లస్ కాబట్టి ఈ కొట్టివేత లేదు, 38.025 అని సరైన ఏసైన్‌హెచ్చే వచ్చింది. −22740 అనేది దాన్నుంచే వచ్చింది. అంటే అక్కడ ఫార్ములా కరెక్టే, అక్షాంశమే మ్యాప్‌లో లేదు. దీని సంగతి తర్వాత.

ఈ కొట్టివేత ధ్రువం దగ్గరే కాదు, మెల్లమెల్లగా ముందు నుంచే మొదలవుతుంది. ఎక్స్ −1000 అయితే వర్గమూలం 1000.0005 దగ్గర, రెండూ కలిస్తే 0.0005 మిగులుతుంది. వెయ్యి స్థాయి సంఖ్యలో చివరి అంకెల్లో ఉన్న చిన్న తప్పు ఇప్పుడు 0.0005 పక్కన పెద్దదై కూర్చుంటుంది, జవాబు పదో దశాంశం దగ్గరికొచ్చేసరికి నమ్మలేం. −10 కోట్లకి వచ్చేసరికి ఆ మిగిలేది పూర్తిగా సున్నా, జవాబు మైనస్ ఇన్ఫినిటీ (రావాల్సింది −19.1138). మైనస్ వైపే ఇబ్బందా అంటే అదీ కాదు. ఎక్స్ 10⁻¹⁰ అయితే జవాబూ దాదాపు 10⁻¹⁰ రావాలి, కానీ 1 పక్కన దాన్ని కలిపేసరికి సగం అంకెలు రాలిపోయి 1.00000008269 ఇంటూ 10⁻¹⁰ వస్తుంది. ఎనిమిదో దశాంశం నుంచి చెత్త. 10⁻¹⁷ ఇస్తే చక్కగా సున్నా ఇస్తుంది. ఇక 10²⁰⁰ లాంటిది ఇస్తే వర్గం చేసేటప్పుడే ఓవర్‌ఫ్లో, అంటే డబుల్‌లో పట్టనంత పెద్దదైపోతుంది, జవాబు 461.21 రావాల్సింది ఇన్ఫినిటీ వస్తుంది.

మరి ఎలా రాయాలి? మొదటి సలహా, రాయకండి. ఇది సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1993లోనే ఎఫ్‌డీలిబ్‌ఎమ్ అనే లైబ్రరీలో జాగ్రత్తగా రాసి పెట్టారు, చాలా భాషల వెనకాల ఆ కోడ్ లేదా దాని పిల్లలే నడుస్తున్నాయి. సీలో 1999 ప్రమాణం నుంచి మూడు విలోమాలూ (ఏసైన్‌హెచ్, ఏకాస్‌హెచ్, ఏటాన్‌హెచ్) ఉన్నాయి, సీ ప్లస్ ప్లస్‌లో 2011 నుంచి, పైథాన్‌లో 2.6 నుంచి, జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 12వ వెర్షన్ నుంచి. గో, రస్ట్, ఎక్సెల్‌లో కూడా ఉన్నాయి. పైథాన్ లైబ్రరీ నమ్‌పైలో మాత్రం పేరు ఆర్క్‌సైన్‌హెచ్, 2.0 వెర్షన్ నుంచి ఏసైన్‌హెచ్ అన్నా పనిచేస్తుంది. మీ జావాకి 2004లో ఐదో వెర్షన్‌లో సైన్‌హెచ్, కాస్‌హెచ్, టాన్‌హెచ్ ఇచ్చారు గానీ వాటి విలోమాలు ఇవ్వలేదు, మీ 17లోనూ లేవు. ఎందుకివ్వలేదో ఆ దేవుడికే తెలియాలి. అపాచీ కామన్స్ మ్యాథ్‌లో ఫాస్ట్‌మ్యాథ్ అనే క్లాసు ఉంది, అందులో మూడూ ఉన్నాయి. ప్రాజెక్టులో ఆ లైబ్రరీ ముందే ఉంటే వాడేయండి.

ఒక్క ఫంక్షన్ కోసం లైబ్రరీ లాగడం ఇష్టం లేదంటే ఇలా రాయండి:

అ = మ్యాథ్.యాబ్స్(ఎక్స్)
అ 26.8 కోట్ల కన్నా ఎక్కువైతే: ఫలితం = లాగ్(అ) + లాగ్(2)
లేకపోతే: ఫలితం = లాగ్1పి(అ + అ×అ / (1 + √(అ×అ + 1)))
చివర్లో: మ్యాథ్.కాపీసైన్(ఫలితం, ఎక్స్)

నాలుగు లైన్లే. గుర్తు తీసి పక్కన పెట్టి లెక్క చేసి చివర్లో గుర్తు తగిలించడంతో మైనస్ రోగం పోయింది. ఏసైన్‌హెచ్ బేసి ప్రమేయం కాబట్టి అలా చేయొచ్చు. మొదటి షరతుతో ఓవర్‌ఫ్లో పోయింది (26.8 కోట్లు అంటే 2 పవర్ 28, అంత పెద్ద సంఖ్య దగ్గర √ లోపలి 1కి విలువే ఉండదు). ఇక లాగ్1పి అంటే లాగ్ ఆఫ్ (1 + ఏదో), ఆ 1ని మనం కలపకుండా ఫంక్షన్‌కే వదిలేస్తే చిన్న సంఖ్యల అంకెలు రాలవు. √(అ² + 1) లోంచి 1 తీసేస్తే ఎంత మిగులుతుందో దాన్ని తీసివేత లేకుండా రాస్తే అ² / (1 + √(అ² + 1)) అవుతుంది, హైస్కూల్లో హారాన్ని అకరణీయం చేసినట్టే, అదే ట్రిక్కు. లాగ్1పి జావాలో ఐదో వెర్షన్ నుంచి, కాపీసైన్ ఆరో వెర్షన్ నుంచి ఉన్నాయి, మీకు ఇబ్బంది లేదు.

ఇంత చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. మీ మ్యాప్ పనికి ఆ పాత లాగ్ ఫార్ములా కూడా సరిపోతుంది! వెబ్ మెర్కేటర్ మ్యాప్ 85.0511 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, అక్కడ ఏసైన్‌హెచ్ విలువ కచ్చితంగా పై అయ్యి మ్యాప్ చతురస్రం అవుతుంది కాబట్టి ఆ సంఖ్య ఎంచుకున్నారు. అక్కడ టాన్ విలువ పదకొండున్నర, అంతే. పదకొండున్నరకి ఏ కొట్టివేతా టైల్ నంబర్‌ని మార్చేంత ఉండదు. అంటే మీ మూడో తప్పు, అసలు తప్పు, అక్షాంశాన్ని ఆ హద్దుల్లో బిగించకపోవడం. లెక్కలోకి పోకముందే ±85.0511 దాటితే అక్కడికే కత్తిరించండి, చివర్లో టైల్ నంబర్‌నీ 0 నుంచి 4095 మధ్య కత్తిరించండి. ఏసైన్‌హెచ్‌ని ఎంత గొప్పగా రాసినా −90కి వరుస 26836 వస్తుంది, జూమ్ 12లో అలాంటి టైలే లేదు. పైథాన్ కోడ్ ఏ గొడవా లేకుండా ఆ 26836 ఇచ్చి ఊరుకుంటుంది, అదే ఇంకా ప్రమాదం. ఇంకొకటి, ఇంట్ క్యాస్ట్ సున్నా వైపు కత్తిరిస్తుంది, ఫ్లోర్ కిందికి కత్తిరిస్తుంది, మైనస్ వచ్చే చోట రెండూ ఒకటి కావు. ఫ్లోర్ వాడండి.

కింద కామెంట్లలో ఒకాయన "జవాబుని డిగ్రీల్లోకి మార్చాలి కదా" అన్నారు. వద్దు. ఆర్క్‌సైన్ ఇచ్చేది కోణం, ఏసైన్‌హెచ్ ఇచ్చేది కోణం కాదు. పేరులో ఆ "ఏ" ఆర్క్ కాదు, ఏరియా. అతిపరావలయానికీ, మూలబిందువు నుంచి గీసిన గీతకీ, అడ్డ అక్షానికీ మధ్య చిక్కే ముక్క వైశాల్యానికి రెట్టింపు అది. క్యాలిక్యులేటర్‌ని డిగ్రీ మోడ్‌లో పెట్టినా రేడియన్ మోడ్‌లో పెట్టినా హైప్ బటన్ జవాబు మారదు, చూడండి. లోపలికి పంపే అక్షాంశాన్ని మాత్రం రేడియన్లలోకి మార్చాలి, ఎందుకంటే అక్కడ ఉన్నది మామూలు టాన్.

లాగ్ అంటే ఏ లాగ్ అన్నదీ చూసుకోండి. జావాలో, పైథాన్‌లో, జావాస్క్రిప్ట్‌లో లాగ్ అంటే సహజ లాగరిథమ్. ఎక్సెల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో ఉత్త లాగ్ అంటే ఆధారం 10, సహజ లాగరిథమ్ కావాలంటే ఎల్‌ఎన్ రాయాలి. 2.3 రెట్లు తేడా వస్తోందని ఎవరైనా వస్తే నేను కోడ్ కూడా అడగను.

మిగతా ఇద్దరు అన్నదమ్ముల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను నిజంగా ఏడిపించింది ఏకాస్‌హెచ్. దానికి 1 కన్నా తక్కువ ఇవ్వకూడదు. కొన్నేళ్ల కిందట ఒక చోట కరెంటు లైన్ల లెక్క చేసేవాళ్లం. రెండు టవర్ల మధ్య తీగ వేలాడితే దాని ఆకారం కాస్‌హెచ్. తీగ బిగువు, బరువుల నిష్పత్తి 1500 మీటర్లు, టవర్ల మధ్య దూరం 300 మీటర్లు అనుకుంటే మధ్యలో తీగ ఏడున్నర మీటర్లు కిందికి దిగుతుంది. మాకు తిరగేసి కావాలి, దిగుదల తెలిసినప్పుడు సగం దూరం ఎంత? 1500 × ఏకాస్‌హెచ్(1 + దిగుదల/1500). నెలల తరబడి బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు రిపోర్టులో మొత్తం తీగ పొడవు దగ్గర "నాన్" (ఇది సంఖ్యే కాదు అని అర్థం) అని వచ్చింది. వేల స్పాన్లలో (రెండు టవర్ల మధ్య ఉండే తీగ ఒక స్పాన్) ఎక్కడో ఒకదానికి రెండు ఎత్తుల తీసివేతలో దిగుదల సున్నాకి వెంట్రుకవాసి తక్కువ వచ్చింది, ఏకాస్‌హెచ్‌కి 0.9999999999999998 వెళ్లింది, అది నాన్ ఇచ్చింది, నాన్‌కి ఏది కలిపినా నాన్, మొత్తం కూడిక విషం ఎక్కినట్టు అయిపోయింది. రాత్రి పదకొండున్నరకి దొరికింది ఆ స్పాన్. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

అప్పుడు మా వాళ్లు చేసింది మ్యాక్స్(1, విలువ) అని కప్పేయడం. వారం తిరక్కుండానే అదే కప్పు కింద ఇంకో తప్పు దాక్కుంది: ఎవరో దిగుదలని మైనస్ అరమీటర్ అని ఎంటర్ చేశారు, ప్రోగ్రాం దాన్ని చక్కగా సున్నా చేసి ముందుకెళ్లిపోయింది. అందుకే నా పద్ధతి, 10⁻⁹ లాంటి చిన్న హద్దు లోపలైతే కప్పండి, అది దాటితే ఎక్సెప్షన్ విసరండి. ఇంకా మంచిది ఏకాస్‌హెచ్‌నే తీసేయడం. 2 × ఏసైన్‌హెచ్(√(దిగుదల / 3000)) రాసినా అదే జవాబు. 1 పక్కన చిన్న సంఖ్యని కలపడమే ఉండదు కాబట్టి అంకెలూ రాలవు. ఏకాస్‌హెచ్ 1 దగ్గర చాలా సున్నితం, లోపల 10⁻¹⁶ తేడా వస్తే బయట 10⁻⁸ తేడా వస్తుంది. లైబ్రరీ ఎంత మంచిదైనా లోపలికి వెళ్లేటప్పటికే పోయిన అంకెల్ని అది తెచ్చివ్వలేదు. పైథాన్‌లో ఎవరైనా సీమ్యాథ్ (సంకీర్ణ సంఖ్యల మాడ్యూల్) ఏకాస్‌హెచ్‌కి 0.5 ఇస్తే ఎర్రర్ లేకుండా 1.047 పక్కన జె ఉన్న ఊహాత్మక సంఖ్య వస్తుంది, అది తప్పు కాదు, కానీ మీకు కావలసింది అది అయ్యుండదు.

ఏటాన్‌హెచ్‌కి ±1 లోపలే ఉండాలి. సరిగ్గా 1 ఇస్తే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, జావాస్క్రిప్ట్ ఇన్ఫినిటీ ఇస్తుంది. మీ మ్యాప్ లెక్కని ఏటాన్‌హెచ్ ఆఫ్ సైన్ అక్షాంశం అని కూడా రాయొచ్చు, రెండూ ఒకటే. హద్దులు బిగించాక ఏది రాసినా నాకు అభ్యంతరం లేదు.

చివరగా టెస్టులు. చార్మినార్‌కి జూమ్ 12లో 2940, 1847. అక్షాంశం 0కి వరుస 2048. 90కి 0, −90కి 4095. ఫంక్షన్‌కి విడిగా: 0.75 ఇస్తే లాగ్ 2, అంటే 0.693147 రావాలి, −0.75కి దాని మైనస్. 10⁻¹⁷ ఇస్తే 10⁻¹⁷. −10 కోట్లకి −19.1138. 10²⁰⁰కి 461.21. పైథాన్ ఇచ్చే జవాబుతో పోలిస్తే చివరి ఒకటి రెండు అంకెలు తేడా రావచ్చు, కాబట్టి సమానమా అని రెండు ఈక్వల్స్‌తో పోల్చకండి, తేడా 10⁻¹⁴ వంతు లోపల ఉందా అని చూడండి. ఇవన్నీ పాసయ్యాక కూడా ఏదైనా వింత నంబర్ వస్తే అక్షాంశం, జూమ్, వచ్చిన జవాబు మూడూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.